ఎన్నియాగ్రామ్ ఎక్కడ పుట్టింది?

ఎన్నియాగ్రామ్ మనుషుల స్వభావాలను తొమ్మిది రకాలుగా విడదీసి చెప్పే పద్ధతి. దానికొక బొమ్మ ఉంది. ఒక వృత్తం, దాని అంచు మీద సమాన దూరాల్లో తొమ్మిది బిందువులు. మూడు, ఆరు, తొమ్మిది బిందువులను ఒక త్రిభుజం కలుపుతుంది. మిగిలిన ఆరింటినీ ఒకదాన్నొకటి ఖండించుకుంటూ సాగే ఆరు గీతలు కలుపుతాయి. ఒక్కో బిందువు ఒక్కో స్వభావానికి గుర్తు. ప్రతి స్వభావానికీ అడుగున ఒక దోషం ఉంటుందని ఈ పద్ధతి చెబుతుంది. ఒకటో రకానికి కోపం, రెండో రకానికి గర్వం, మూడుకు వంచన, నాలుగుకు అసూయ, ఐదుకు లోభం, ఆరుకు భయం, ఏడుకు తిండియావ, ఎనిమిదికి కామం, తొమ్మిదికి సోమరితనం. అమెరికాలోనూ ఐరోపాలోనూ చర్చి ధ్యాన శిబిరాల్లో, మానసిక చికిత్సకుల దగ్గర, కంపెనీల శిక్షణ తరగతుల్లో దీన్ని వాడుతున్నారు. దీన్ని పరిచయం చేసే పుస్తకాలు చాలావరకు ఇది వేల ఏళ్ల నాటి జ్ఞానమన్న మాటతోనే మొదలవుతాయి. బాబిలోన్‌లో పుట్టిందని కొందరు, సూఫీ గురువులు రహస్యంగా కాపాడారని కొందరు, ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసుకున్న తొలి క్రైస్తవ సన్యాసులదని మరికొందరు అంటారు.

లిఖిత ఆధారాలు చెప్పేది వేరు. వాటిని సరిగా చదవాలంటే బొమ్మను, దోషాల జాబితాను, తొమ్మిది స్వభావాల వర్ణనను ముందుగా విడదీయాలి. ఈ మూడూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు మనుషుల చేతుల్లో తయారయ్యాయి. మూడింటినీ కలిపి ఒకే వస్తువుగా చెప్పినప్పుడు, అన్నిటికన్నా పాత భాగం వయసు మొత్తానికీ అంటుకుంటుంది. ఎన్నియాగ్రామ్ పుట్టుక గురించిన గందరగోళంలో సగానికి పైగా ఇక్కడే మొదలైంది.

బొమ్మ సంగతి మొదట. ఈ రూపంలో అది తొలిసారి రష్యాలో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, ఆధ్యాత్మిక బోధకుడు జార్జి గుర్జీఫ్ పాఠాల్లో కనిపిస్తుంది. గుర్జీఫ్ ఈనాటి ఆర్మేనియాలోని గ్యూమ్రీలో పుట్టాడు. ఆ ఊరి పేరు అప్పట్లో అలెగ్జాండ్రోపోల్. తండ్రి గ్రీకు, తల్లి ఆర్మేనియన్. పుట్టిన సంవత్సరం కూడా తేలలేదు; 1866 నుంచి 1877 దాకా రకరకాల తేదీలు చెబుతారు. మాస్కోలో, పెట్రోగ్రాడ్‌లో చిన్న బృందాలను కూడగట్టి ఆయన పాఠాలు చెప్పాడు. శిష్యులకు ఈ బొమ్మను 1916లో వివరించాడు.

ఆ పాఠాలను రాసిపెట్టినవాడు ప్యోత్ర్ ఉస్పెన్‌స్కీ. పాత్రికేయుడు, గణితం మీద మక్కువ ఉన్నవాడు. గుర్జీఫ్‌ను కలవకముందే, ఎక్కడో తూర్పున ఒక రహస్య జ్ఞాన పాఠశాల ఉంటుందన్న నమ్మకంతో 1913-14లో ఈజిప్టు, సింహళం, భారతదేశం తిరిగాడు. మద్రాసు పక్కన అడయారులో దివ్యజ్ఞాన సమాజం ప్రధాన కేంద్రంలో కొన్నాళ్లు ఉన్నాడు. వెతికింది దొరకలేదని తిరిగి వెళ్లాడు. మరుసటి ఏడు, 1915లో, మాస్కోలోని ఒక మామూలు కాఫీ హోటల్లో గుర్జీఫ్‌ను కలిశాడు. ఈ వివరం పట్టించుకోదగినది. తూర్పు దేశాల్లో ప్రాచీన రహస్యం దాగి ఉందన్న ఆశ ఆ కాలపు ఐరోపా చదువరుల్లో ఎంత బలంగా ఉండేదో ఇది చూపిస్తుంది. గుర్జీఫ్ మాటలను విన్నవాళ్లు ఆ ఆశతోనే విన్నారు. ఉస్పెన్‌స్కీ 1947లో చనిపోయాడు. ఆయన రాసిపెట్టిన పాఠాలు 1949లో పుస్తకంగా వచ్చాయి. గుర్జీఫ్ చనిపోయింది కూడా ఆ ఏడాది అక్టోబరు 29నే. అంటే 1916లో కొద్దిమంది విన్న పాఠం లోకానికంతా అచ్చులో అందడానికి ముప్పై మూడేళ్లు పట్టింది.

గుర్జీఫ్‌కు ఆ బొమ్మ మనుషుల స్వభావాల పటం కాదు. ప్రపంచంలో జరిగే ప్రతి పనిలోనూ రెండు నియమాలు నడుస్తాయని ఆయన బోధించాడు. ఒకటి మూడింటి నియమం, రెండోది ఏడింటి నియమం. ప్రతి సంఘటనలోనూ మూడు శక్తులు కలుస్తాయి. ప్రతి ప్రక్రియా సంగీత స్వరాల్లా ఏడు మెట్లలో సాగుతుంది. ఈ రెండు నియమాలూ ఎలా కలిసి పనిచేస్తాయో చూపడానికే తొమ్మిది బిందువుల బొమ్మ. త్రిభుజం మూడుకు గుర్తు. మిగిలిన ఆరు గీతల వరుస ఏడు నుంచి వచ్చింది. ఒకటిని ఏడుతో భాగిస్తే దశాంశంలో 0.142857 వస్తుంది, ఆ ఆరు అంకెలే అంతం లేకుండా తిరిగి తిరిగి వస్తాయి. రెండును ఏడుతో భాగిస్తే 0.285714. మూడును భాగిస్తే 0.428571. మొదలయ్యే చోటు మారుతుంది గానీ వరుస మారదు. ఆ వరుసలో మూడు, ఆరు, తొమ్మిది ఎక్కడా రావు. బొమ్మలో గీతలు సరిగ్గా ఈ క్రమంలోనే వెళతాయి: ఒకటి నుంచి నాలుగుకు, అక్కణ్ణుంచి రెండుకు, ఎనిమిదికి, ఐదుకు, ఏడుకు, మళ్లీ ఒకటికి. గుర్జీఫ్ తన శిష్యులను ఈ క్రమంలోనే నేల మీద నడిపించి నృత్యాలు నేర్పాడు. 1922లో పారిస్ దగ్గర ఫాంతెన్‌బ్లోలో ఆయన పెట్టిన సంస్థలో ఆ నృత్యాలే ముఖ్యమైన సాధన. ప్రతి మనిషిలోనూ ఒక ప్రధాన లోపం ఉంటుందని, దాని చుట్టూనే అతని జీవితం తిరుగుతుందని కూడా ఆయన అనేవాడు. కానీ ఆ లోపాలను తొమ్మిదిగా లెక్కపెట్టి బిందువుల దగ్గర నిలబెట్టలేదు.

బొమ్మ ఎక్కడిదన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబులు ఒకదానికొకటి అతకవు. రహస్య విద్యల పుస్తకాల్లో గానీ, వాటి మౌఖిక సంప్రదాయాల్లో గానీ ఈ గుర్తు దొరకదని చెప్పినట్టు ఉస్పెన్‌స్కీ రాశాడు. తన బోధనను క్రైస్తవంలోని అంతరంగ శాఖ అనుకోవచ్చని మరో సందర్భంలో అన్నాడు. తన యాత్రల గురించి రాసిన పుస్తకంలో సర్మూంగ్ సోదర సంఘమన్న పేరు తెచ్చాడు. అది ఆయన చనిపోయాక, 1963లో ఇంగ్లీషులో వచ్చింది. ఆ సంఘం క్రీస్తు పూర్వం 2500 నాటికే బాబిలోన్‌లో ఉండేదని, మధ్య ఆసియా కొండల్లోని దాని మఠానికి తనను కళ్లకు గంతలు కట్టి తీసుకెళ్లారని అందులో ఉంది. పవిత్ర నృత్యాలు నేర్పే ఒక పరికరాన్ని అక్కడ చూశానని రాశాడు. ఆ మఠం ఉనికిని నిరూపించే బయటి ఆధారం ఏదీ నేటికీ బయటపడలేదు. ఆ పుస్తకంలో యాత్రా వృత్తాంతం ఎంతో, ఉపమాన కథ ఎంతో విడదీయలేని విధంగా అల్లుకుపోయాయి. అలాంటి పుస్తకాన్ని చారిత్రక సాక్ష్యంగా ఎత్తిచూపడం దాని రచయితకు కూడా న్యాయం చేయడం కాదు.

బాబిలోన్ కథకు గణితమే అడ్డు నిలుస్తుంది. బాబిలోనియన్లు లెక్కించింది పదుల్లో కాదు, అరవైల్లో. గంటకు అరవై నిమిషాలు, నిమిషానికి అరవై సెకన్లు ఆ లెక్క నుంచే వచ్చాయి. ఒకటిని ఏడుతో భాగించి అరవైల లెక్కలో రాస్తే 8, 34, 17 అన్న మూడు స్థానాలు మళ్లీ మళ్లీ వస్తాయి. అక్కడ 142857 అన్న వరుసే లేదు. ఎన్నియాగ్రామ్ లోపలి గీతలకు గుర్జీఫ్ ఇచ్చిన వివరణ నిలబడాలంటే పది మూలంగా ఉన్న స్థాన విలువలు కావాలి, భిన్నాలను ఆ స్థానాల్లోనే కుడివైపుకు పొడిగించి రాసే అలవాటు కావాలి. అలా రాసిన తొలి గ్రంథాల్లో డమాస్కస్‌లో పదో శతాబ్దంలో అల్ ఉక్లిదిసీ రాసినది ఒకటి. సమర్‌కంద్‌లో ఉలుగ్ బేగ్ కొలువులో ఉన్న అల్ కాషీ 1427 నాటి గ్రంథంలో దశాంశ భిన్నాలను పద్ధతి ప్రకారం వివరించాడు. ఐరోపాలో సైమన్ స్టెవిన్ 1585లో వాటికి ప్రచారం తెచ్చాడు. గుర్జీఫ్ శిష్యుడు, బ్రిటిష్ రచయిత జాన్ బెన్నెట్ ఈ చిక్కును గుర్తించినవాడే. అందుకే ఆయన బొమ్మను పదిహేనో శతాబ్దపు సమర్‌కంద్ గణితవేత్తలతో, అక్కడి సూఫీలతో ముడిపెట్టాడు. ఆలోచన చక్కగానే ఉంది. కానీ ఆ కాలపు వ్రాతప్రతి ఒక్కటైనా ఈ బొమ్మతో చూపలేదు. రష్యన్ పాలనలోని కార్స్ పట్టణంలో పెరిగిన గుర్జీఫ్ నాటికి దశాంశ భాగహారం బడి లెక్క. ఆ వరుసలోని అందాన్ని గమనించడానికి రహస్య మఠం అవసరం లేదు.

గుర్జీఫ్ కంటే ముందు తొమ్మిది మూలల బొమ్మలు లేవా అంటే, ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి ఐరోపాలోనే ఉన్నాయి. మజోర్కా ద్వీపంలో సుమారు 1232లో పుట్టిన రామోన్ లుల్ తన జీవితంలో ఎక్కువ భాగం ఒకే పని మీద పెట్టాడు. ముస్లింలు, యూదులు, క్రైస్తవులు ముగ్గురూ ఒప్పుకునే మూల సూత్రాల మీద ఒక తర్క యంత్రాన్ని తయారుచేసి, దానితో మత వాదాలను తేల్చాలనుకున్నాడు. మంచితనం, మహత్వం, శాశ్వతత్వం, శక్తి, జ్ఞానం లాంటి తొమ్మిది దైవ గుణాలను వృత్తం చుట్టూ నిలిపి, వాటిని గీతలతో కలిపాడు. మరో వృత్తంలో మూడు త్రిభుజాలు గీశాడు. 1308లో రాసిన సంక్షిప్త గ్రంథంలో తొమ్మిది సుగుణాలతో పాటు తొమ్మిది దుర్గుణాల జాబితా కూడా ఉంది: లోభం, తిండియావ, కామం, గర్వం, సోమరితనం, అసూయ, కోపం, అబద్ధం, నిలకడలేమి. అంటే చర్చి లెక్కించే ఏడు పాపాలకు ఆయన రెండు కలిపి తొమ్మిది చేశాడు. ఆధునిక ఎన్నియాగ్రామ్ చేసింది కూడా అదే. కలిపిన రెండింటిలో అబద్ధం మూడో రకం వంచనకు దగ్గరిది. నిలకడలేమి ఉన్న చోట ఇప్పుడు భయం ఉంది. ఇంత దగ్గరి పోలిక మరెక్కడా దొరకదు. అయినా లుల్ తన దుర్గుణాలను మనుషుల రకాలుగా చెప్పలేదు. ఆయన గీతల్లో 142857 క్రమం లేదు.

లుల్ తర్వాత మూడున్నర శతాబ్దాలకు రోమ్‌లో, జెస్యూట్ అనే కాథలిక్ సన్యాసుల సంఘానికి చెందిన పండితుడు అథనాసియస్ కిర్షర్ సంఖ్యల మీద ఒక గ్రంథం ప్రచురించాడు. 1665 నాటి ఆ గ్రంథం ముఖచిత్రంలో తొమ్మిది మొనల బొమ్మ స్పష్టంగా ఉంది. కిర్షర్ లుల్‌ను లోతుగా చదివినవాడు. కాబట్టి ఈ ఇద్దరినీ కలుపుతూ ఒక గీత గీయవచ్చు. గుర్జీఫ్ జీవితంపై 1980లో పెద్ద పుస్తకం రాసిన జేమ్స్ వెబ్ ఈ దారినే చూపించాడు. రహస్య విద్యల మీద ఐరోపాలో అచ్చయిన పుస్తకాల నుంచే గుర్జీఫ్ ప్రేరణ పొంది ఉండవచ్చని ఆయన వాదన. కిర్షర్ బొమ్మలో ఉన్నవి ఒకదానిపై ఒకటి పరిచిన మూడు సమాన త్రిభుజాలు. గుర్జీఫ్ బొమ్మలో ఒక త్రిభుజం, ఆరు గీతల మరో ఆకారం. వృత్తం, తొమ్మిది బిందువులు, ఒక త్రిభుజం ముందే ఉన్నాయి. లోపలి ఆరు గీతలు మాత్రం ఇప్పటి వరకు దొరికిన ఆధారాల ప్రకారం గుర్జీఫ్ దగ్గరే మొదలవుతున్నాయి.

దోషాల జాబితా కథ ఇంతకంటే పాతది, ఇంతకంటే స్పష్టమైనది. నాలుగో శతాబ్దంలో నల్లసముద్ర తీరంలోని పొంటస్ ప్రాంతం నుంచి వచ్చిన ఎవాగ్రియస్ అనే సన్యాసి ఈజిప్టు ఎడారిలో నిట్రియా, కెల్లియా మఠాల్లో జీవించి 399లో చనిపోయాడు. ఏకాంతంలో ఉన్న సన్యాసి మనసును ఎనిమిది దుష్ట ఆలోచనలు లోబరచుకుంటాయని రాశాడు: తిండియావ, కామం, ధనాశ, విచారం, కోపం, సాధన మీద విసుగు, కీర్తికాంక్ష, గర్వం. ఆయన శిష్య పరంపరలో జాన్ కాసియన్ ఈ జాబితాను పశ్చిమానికి తీసుకెళ్లాడు. ఆరో శతాబ్దం చివర పోప్ మొదటి గ్రెగరీ దాన్ని సవరించి ఏడుకు తెచ్చాడు. ఏడు మహాపాపాలుగా లోకానికి తెలిసిన జాబితాకు అదే మూలం. ఎవాగ్రియస్ ఒక గ్రంథం ముందుమాటలో బైబిల్లోని నూట యాభై మూడు చేపల సంఖ్యను చతురస్రం, త్రిభుజం, వృత్తంగా విడదీసి వ్యాఖ్యానించాడు. ఎన్నియాగ్రామ్‌ను క్రైస్తవంలో పుట్టినదిగా చూపాలనుకున్న రచయితలు ఆ ముక్కను ఈ బొమ్మ వర్ణనగా చదివారు. తొమ్మిది బిందువులు గానీ, వాటి దగ్గర ఆలోచనల పేర్లు గానీ అందులో లేవు.

ఇక్కడ తెలుగు పాఠకులకు అరిషడ్వర్గాలు తప్పకుండా గుర్తుకు వస్తాయి. కామం, క్రోధం, లోభం, మోహం, మదం, మాత్సర్యం. ఆరింటిలో ఐదు ఎన్నియాగ్రామ్ దోషాలతో నేరుగా సరిపోతాయి. ఎవాగ్రియస్ ఎనిమిదింటిలో లేని అసూయ కూడా ఇక్కడ ఉంది. తొమ్మిది అనగానే నవరసాలూ గుర్తుకు రావచ్చు. అయినా ఎన్నియాగ్రామ్ మన శాస్త్రాల నుంచి వెళ్లిందనడానికి ఆధారం లేదు. మనిషి లోపాలను లెక్కపెట్టిన ప్రతి సంప్రదాయమూ కోపాన్ని, లోభాన్ని, గర్వాన్ని చూడక తప్పదు. పోలిక ఒక్కటే చాలదన్న నియమాన్ని మనవాటికి ఎంత కచ్చితంగా వర్తింపజేస్తామో ఎవాగ్రియస్‌కూ అంత కచ్చితంగానే వర్తింపజేయాలి. ఆయన జాబితా చర్చి ద్వారా లాటిన్ అమెరికా కాథలిక్ దేశాల దాకా చేరిందన్నది మాత్రం చరిత్ర. అక్కడ పెరిగిన వారికి ఏడు పాపాలు చిన్ననాటి చర్చి పాఠం.

బొమ్మ, మనుషుల రకాలు ఒక చోటికి వచ్చింది కూడా ఆ దేశాల్లోనే. ఉస్పెన్‌స్కీ శిష్యుడైన ఆంగ్లేయుడు రాడ్నీ కాలిన్ 1948లో మెక్సికోకు తరలివెళ్లాడు. గ్రంథుల స్రావాలను, గ్రహాలను, మనుషుల రకాలను కలిపి ఆయన ఒక సిద్ధాంతం అల్లి, ఆ రకాలను ఎన్నియాగ్రామ్ బిందువుల మీద పెట్టాడు. ఆయన రచనలు స్పానిష్‌లో కూడా చదువరులకు చేరాయి. 1956లో పెరూలోని కుస్కో నగరంలో చర్చి గంటల గోపురం మీద నుంచి పడి చనిపోయాడు. కాలిన్ రకాలు ఈనాటి తొమ్మిదీ కావు. అయినా ఎన్నియాగ్రామ్ మీద మనుషుల రకాలను చూపడం అప్పటికే మొదలైందని, అది దక్షిణ అమెరికా చదువరులకు అందుబాటులో ఉందని తేల్చడానికి ఇది చాలు. ఎన్నియాగ్రామ్ చరిత్రల్లో కాలిన్ పేరు ఇంత తక్కువగా వినిపించడం పెద్ద లోటు.

ఇప్పుడున్న తొమ్మిది స్వభావాల పునాది వేసినవాడు ఆస్కార్ ఇచాసో. 1931లో బొలీవియాలో పుట్టాడు. తన విద్య ఎలా సాగిందో 1973లో ఒక అమెరికన్ మానసిక శాస్త్ర పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో చెప్పాడు. పంతొమ్మిదేళ్ల వయసులో బ్యూనస్ ఏరిస్‌లో ఒక బృందంలో చేరానని, వారు యూదుల మార్మిక విద్య కబ్బాలా, సూఫీ మార్గం, జెన్, గుర్జీఫ్ పద్ధతి సాధన చేసేవారని, మొదట్లో తాను వారికి కాఫీ అందించేవాడినని వివరించాడు. తర్వాత హాంకాంగ్, భారతదేశం, టిబెట్ తిరిగాడు. ఆపై ఏడు రోజులు దైవ సమాధిలో ఉండి, లేచాక తాను బోధించాల్సింది స్పష్టమైందన్నాడు. కాలం గడిచాక గుర్జీఫ్ పేరును పక్కకు పెట్టి, ప్లేటో, పైథాగరస్ అనుయాయులు, గ్రీకు తత్వవేత్తలే తన మూలాలని నొక్కి చెప్పాడు. బొమ్మను ఆయన ఎన్నియాగాన్ అనేవాడు. తన బోధనలో అలాంటివి నూట ఎనిమిది ఉన్నాయని లెక్క. వాటిలో అహం చిక్కుకుపోయే తొమ్మిది బిగుసుకుపోయిన తీరులను, వాటికి తొమ్మిది దోషాలను చూపినవి కొన్నే.

1960ల చివర ఇచాసో చిలీ రాజధాని శాంటియాగోలో ఉపన్యాసాలు ఇచ్చాడు. 1970 జూలై నుంచి చిలీ ఉత్తర కొసన, అటకామా ఎడారి అంచునున్న అరికా అనే ఓడరేవు పట్టణంలో సుమారు యాభై మంది అమెరికన్లకు పది నెలల శిక్షణ నడిపాడు. డాల్ఫిన్ల మీద పరిశోధనలతో పేరు పొందిన జాన్ లిల్లీ వారిలో ఒకడు. మరొకడు క్లాడియో నరాన్హో. నరాన్హో 1932లో చిలీలోని వాల్పరైసోలో పుట్టిన మనోవైద్యుడు. కాలిఫోర్నియాలో ఫ్రిట్జ్ పెర్ల్స్ దగ్గర గెస్టాల్ట్ చికిత్స నేర్చుకున్నాడు. కారు ప్రమాదంలో కొడుకును పోగొట్టుకున్న దుఃఖంలో అరికాకు వచ్చాడు. ఇచాసో మార్గదర్శకత్వంలో నలభై రోజులు ఎడారిలో ఒంటరిగా సాధన చేశాడు. శిక్షణ పూర్తికాకముందే బృందం నుంచి విడిపోయాడు.

ఎన్నియాగ్రామ్ ఈనాటి రూపానికి వచ్చింది ఆ తర్వాత, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో. 1971లో నరాన్హో అక్కడ ఒక బృందాన్ని కూడగట్టి, గుర్జీఫ్ పుస్తకంలోని సత్యాన్వేషకుల పేరునే దానికి పెట్టాడు. ఇచాసో తొమ్మిది బిందువుల దగ్గర క్లుప్తంగా వదిలిన మాటలకు ఆయన మానసిక వైద్యం భాషలో రూపమిచ్చి ప్రాణం పోశాడు. ఆత్మరక్షణ కోసం మనసు పన్నే ఎత్తులు, చిన్ననాటి అనుభవాలు, వ్యక్తిత్వ రుగ్మతల వర్గీకరణ అన్నిటినీ తొమ్మిది రకాలకు జతచేశాడు. గదిలో ఉన్న మనుషులనే రకాలవారీగా కూర్చోబెట్టి, వారి మాటల్లోంచి వర్ణనలను సరిచేశాడు. ఈ పనికి దక్కాల్సిన గౌరవం ఆయనకు సరిగా దక్కలేదు. నేర్చుకున్నది బయట చెప్పకూడదని తన బృందం చేత మాట తీసుకోవడం అందుకు ఒక కారణం.

మాట నిలబడలేదు. ఆ బృందంలో ఉన్న జెస్యూట్ గురువు రాబర్ట్ ఓక్స్ 1971లో షికాగోలోని లొయోలా విశ్వవిద్యాలయంలో దాన్ని బోధించాడు. అక్కణ్ణుంచి నోట్సు చేతులు మారుతూ మఠాలకు, ధ్యాన కేంద్రాలకు పాకింది. ప్రతి నకలుతో వర్ణనలు పెరిగాయి, చెప్పినవారి పేర్లు తగ్గాయి. తొమ్మిది రకాల గురించి అచ్చులో తొలి వివరణల్లో ఒకటి 1975లో జాన్ లిల్లీ, జోసెఫ్ హార్ట్ రాసిన అధ్యాయం. 1984లో బీసింగ్, నొగోసెక్, ఓలీరీ కలిసి రాసిన పుస్తకం వచ్చింది. 1987లో డాన్ రిసో, 1988లో హెలెన్ పామర్, 1989లో జర్మన్‌లో ఫ్రాన్సిస్కన్ గురువు రిచర్డ్ రోర్, ఆండ్రియాస్ ఎబర్ట్ పుస్తకాలు వచ్చాయి. నోట్సులో పేర్లు లేని చోట కథలు చేరాయి. తొలి పుస్తకాల్లో సూఫీ మూలం బలంగా వినిపించింది. క్రైస్తవ పాఠకులు పెరిగేకొద్దీ ఎవాగ్రియస్, లుల్ ముందుకు వచ్చారు.

మూలం గురించిన చర్చ చివరికి న్యాయస్థానానికి చేరింది. తమ బోధనను అనుమతి లేకుండా వాడుకున్నారంటూ ఇచాసో స్థాపించిన అరికా సంస్థ హెలెన్ పామర్ మీద, ఆమె ప్రచురణకర్తల మీద దావా వేసింది. 1992లో న్యూయార్క్‌లోని అప్పీలు కోర్టు పామర్ పక్షాన తీర్పు ఇచ్చింది. తీర్పులోని తర్కం ఈ చరిత్రకంతటికీ కీలకం. తొమ్మిది రకాలు తన కల్పన కాదని, మనిషి గురించి తాను కనుగొన్న, పరీక్షించి చూడగల వాస్తవాలని ఇచాసో ఏళ్ల తరబడి చెప్పాడు. వాస్తవాలకు కాపీరైటు ఉండదు. కోర్టు అవసరం కోసం ఇప్పుడు మాట మార్చి అవి తన సృష్టి అనడానికి వీల్లేదని న్యాయమూర్తులు తేల్చారు. కాపీరైటు వర్తించే కొద్దిపాటి భాగాన్ని పామర్ వాడుకున్న తీరు చట్టం అనుమతించే న్యాయమైన వాడకమేనన్నారు. ప్రాచీనత, దివ్యానుగ్రహం, సార్వకాలిక సత్యం లాంటి మాటలు గౌరవాన్ని తెచ్చిపెట్టాయి, అవే మాటలు హక్కును తీసేశాయి.

చర్చిలోనూ వివాదం చెలరేగింది. ఓక్స్ దగ్గరే నేర్చుకున్న జెస్యూట్ మిచెల్ పాక్వా 1992లో రాసిన పుస్తకంలో దీన్ని తీవ్రంగా విమర్శించాడు. 2003లో వాటికన్ నవయుగ ఆధ్యాత్మిక ధోరణుల మీద వెలువరించిన పత్రం ఎన్నియాగ్రామ్‌ను కూడా హెచ్చరికతో ప్రస్తావించింది.

ఇంత ఇటీవలి విషయం ఇంత త్వరగా పురాతనం ఎలా అయింది? మోసమనే ఒక్క మాటతో దీన్ని కొట్టిపారేయడం సరికాదు. గురుశిష్య మార్గంలో నేర్పే విద్యలో బోధకుడు తనను తాను మూలంగా చెప్పుకోడు. తన ముందున్నవారి పేరు మీద చెబుతాడు. గుర్జీఫ్, ఇచాసో ఇద్దరూ ఆ మర్యాదలోనే మాట్లాడారు. దానికి రహస్యం తోడైంది. రాసిపెట్టకూడదు, బయట చెప్పకూడదు అన్న నియమాల వల్ల ఎవరు ఏది ఎప్పుడు కలిపారో నమోదు కాలేదు. నమోదు లేని చోట వయసును ఎంతైనా పెంచవచ్చు. రహస్యం ఈ పద్ధతిని కాపాడిందో లేదో గానీ దాని చరిత్రను మాత్రం చెరిపేసింది. నరాన్హో జీవిత చరమాంకంలో ఇచ్చిన ఇంటర్వ్యూలు ఆ చెరిపివేతను కొంత సరిచేశాయి. ఇచాసో రకాల గురించి చెప్పింది తక్కువని, వర్ణనల్లో ఎక్కువ భాగం తన చేయి తనంతట రాసుకుపోయినట్టు వచ్చిందని, దాన్ని తర్వాత మనుషులను చూసి సరిపోల్చుకున్నానని ఆయన అన్నాడు. నరాన్హో 2019 జూలైలో, ఇచాసో 2020 మార్చిలో చనిపోయారు.

పాతది కాకపోతే పనికిరాదనీ కాదు, పాతదైతే నిజమనీ కాదు. ఆ సంగతి పరీక్షలే తేల్చాలి. 2021లో ఒక మానసిక వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష 104 నమూనాల మీద జరిగిన అధ్యయనాలను పరిశీలించి, ఫలితాలు మిశ్రమంగా ఉన్నాయని తేల్చింది. ఆ పరీక్షలు నిజాయితీగా సాగాలంటే, వేల ఏళ్ల అనుభవం దీన్ని ముందే రుజువు చేసిందన్న మాట మధ్యలో రాకూడదు. శిక్షణ తరగతుల్లో ఎన్నియాగ్రామ్ నేర్పేవారు మొదటి పాఠంలోనే 1916 నాటి బొమ్మ గుర్జీఫ్‌దని, అరికాలో బోధించిన తొమ్మిది బిగుసుకుపోయిన తీరులు ఇచాసోవని, బర్క్‌లీలో తయారైన వర్ణనలు నరాన్హోవని పేరు పేరునా చెప్పాలి. చెప్పకపోతే నేర్చుకునేవారు అడగాలి.